ఒకే కారుకు అయిదు ధరలు: తరుగుదల లెక్క ఎలా వేయాలి

ముందు ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను, మిగతావాళ్లకూ లెక్క అందుతుంది. మీకు ఖమ్మంలో ఎరువుల దుకాణం ఉంది. 2021 ఆగస్టులో దుకాణం పేరు మీద ఒక పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నారు. ఎక్స్‌షోరూం 7,20,000, లైఫ్ ట్యాక్స్ కలిపి 8,20,000. ఇప్పటికి నాలుగున్నరేళ్లు, 62,000 కిలోమీటర్లు. కొత్తది తీసుకుందామని వెళ్తే షోరూంవాళ్లు ఎక్స్ఛేంజ్ కింద 3,45,000 అన్నారు. ఆన్‌లైన్‌లో పాత కార్లు కొనే కంపెనీ ఫోన్లో 4,05,000 చూపించి, మనిషి ఇంటికొచ్చి బండి చూశాక 3,65,000కి దిగింది. ఇన్సూరెన్స్ పాలసీలో ఐడీవీ, అంటే బీమా కోసం కట్టిన బండి విలువ, 3,90,000 ఉంది. ఆడిటర్ గారి పుస్తకాల్లో 4,28,000 ఉంది. మీ బావమరిది మాత్రం అదే మోడల్, అదే ఏడాది బండిని పోయిన జూన్‌లో 4,75,000కి అమ్ముకున్నారు. ఇందులో ఎవరు మోసం చేస్తున్నారు అన్నది మీ అనుమానం.

ఎవరూ చేయడం లేదు. చాలాకాలం బీమా సర్వేయరుగా, ఆ తర్వాత బ్యాంకులకు పాత బండ్ల విలువ కట్టే పనిలో ఉన్నాను కాబట్టి ఈ అయిదు అంకెలూ నాకు బాగా పరిచయం. ఒక్కో అంకె ఒక్కో ప్రశ్నకు జవాబు. అయిదింటినీ ఒకే ప్రశ్నకు జవాబులనుకుంటేనే తల తిరుగుతుంది.

ఆడిటర్ అంకెతో మొదలుపెడదాం, అది అన్నిటికన్నా సులువు. ఆదాయపు పన్ను లెక్కలో సొంత వ్యాపారానికి వాడే కారుకు ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం తరుగుదల, అద్దెకు తిప్పే బండికి 30 శాతం. కొన్న ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే ఆ ఏడాదికి సగమే. మీరు ఆగస్టులో కొన్నారు కాబట్టి మొదటి ఏడాదే పూర్తి 15 శాతం వచ్చింది. 8,20,000 నుంచి 2022 మార్చికి 6,97,000, మరుసటి మార్చికి 5,92,450, ఆ పై ఏడు 5,03,583, 2025 మార్చికి 4,28,045. ఆయన చెప్పింది ఇదే. ఇదే బండి ఒక కంపెనీ పేరు మీద ఉండి, కంపెనీల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం కారుకు ఎనిమిదేళ్ల ఆయుష్షు, చివర 5 శాతం మిగులు అని ఏటా సమానంగా తగ్గించుకుంటూ వస్తే నాలుగున్నరేళ్లకు సుమారు 3,82,000 ఉండేది. బండి ఒకటే, చట్టం మారితే దాదాపు అరలక్ష తేడా. రెండు చట్టాల్లో ఏదీ మీ కారు బానెట్ ఎత్తి చూడలేదు. పన్ను ఎంత కట్టాలి, లాభం ఎంత చూపించాలి అనేవాటికి తప్ప ఈ అంకె మరి దేనికీ పనికిరాదు.

ఒక్కచోట మాత్రం మీకు కలిసొస్తుంది. మీకు జీఎస్టీ నంబరు ఉండే ఉంటుంది. నంబరు ఉన్న వ్యాపారి తాను తరుగుదల చూపించిన పాత కారు అమ్మితే, అమ్మిన ధరకూ పుస్తకాల్లో మిగిలిన విలువకూ మధ్య తేడా మీదే 18 శాతం పన్ను. ఆ తేడా సున్నాకన్నా కిందికి పోతే పన్ను లేదు. మీరు 4,28,000 లోపు అమ్మితే ఆ బెడద లేనట్టే. మార్చి దాటితే పుస్తకాల విలువ మరో 15 శాతం పడి 3,64,000 దగ్గరికి వస్తుంది, అప్పుడు లెక్క మారుతుంది. అమ్మేముందు ఆడిటర్‌తో ఒక మాట అనుకోండి. సొంత పేరు మీదున్న మామూలు ఉద్యోగికి ఈ తలనొప్పి లేదు.

ఇక ఐడీవీ. కారు పోయినా, మొత్తంగా పాడైనా బీమా కంపెనీ గరిష్ఠంగా ఇచ్చే మొత్తం అది. దానికో పట్టిక ఉంది: బండి వయసు ఆరు నెలల లోపైతే 5 శాతం తగ్గిస్తారు, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, అయిదేళ్లలోపు 50. అయిదు దాటాక కంపెనీ, మీరు మాట్లాడుకుని ఒప్పుకున్నంత. చాలామంది ఇక్కడ పొరబడతారు, ఈ శాతాలు మీరు కొన్న ధర మీద కాదు. పాలసీ మొదలయ్యే రోజున కారు కంపెనీ ప్రకటించిన ధర మీద. పోయిన ఆగస్టులో మీ మోడల్ కొత్తది 7,80,000 ఉంది, మీ బండికి నాలుగేళ్లు దాటాయి, అందులో సగం 3,90,000. రోడ్డు పన్నుగానీ, బీమా ప్రీమియంగానీ ఇందులోకి రావు.

ఐడీవీ సంగతి వచ్చింది కాబట్టి మరో గందరగోళం కూడా తీర్చేస్తాను. బంపర్ టు బంపర్ అని జనం పిలిచే జీరో డిప్రిసియేషన్ పాలసీ ఉంటే ఐడీవీ తగ్గదని కొందరు అనుకుంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు. అది రిపేరులో మార్చే విడిభాగాల సంగతి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీల ఖరీదులో సగం కోస్తారు, ఇనుప భాగాలకు బండి వయసునుబట్టి కోస్తారు, అద్దాలకు అసలు కోయరు. ఆ కోతను చాలావరకు లేకుండా చేసేదే జీరో డిప్. కారు మొత్తంగా పోతే చేతికొచ్చేది ఐడీవీయే. ప్రీమియంలో ఓ వెయ్యి తగ్గుతుందని ఏజెంటు ఐడీవీ కిందికి లాగుతుంటే ఒప్పుకోకండి. వచ్చే ఆగస్టుకు మీ బండికి అయిదేళ్లు నిండుతాయి, ఆ అంకె మాట్లాడుకోవలసింది మీరే.

ఇప్పుడు అసలైన ప్రశ్న: రేపు ఉదయం ఒక మనిషి వచ్చి డబ్బిచ్చి బండి తోలుకుపోతే ఎంత ఇస్తాడు?

అతను మీ ఇన్‌వాయిస్ చూడడు. మీరు 2021లో ఎంత పెట్టారన్నది అతనికి అనవసరం. అతని ఎదుట ఉన్నవి రెండే దారులు: ఈ బండి కొనడం, లేదా ఇంకొంత వేసుకుని కొత్తది కొనడం. అందుకని పాత కారు విలువకు మొదలు ఎప్పుడూ ఈరోజు అదే కారు కొత్తది ఎంత అన్నదే. మీరు ఇచ్చిన ధర కాదు. తరుగుదల లెక్కలు తప్పిపోయేది ఎక్కువగా ఈ ఒక్కచోటే.

2025 సెప్టెంబరు 22న ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజన్ ఉన్న కార్ల మీద అంతవరకు 28 శాతం జీఎస్టీ, ఒక శాతం సెస్సు పడేవి. ఆ రోజు నుంచి అది 18 శాతమైంది. అంటే 129 రూపాయల బండి 118కి దిగింది, ఎనిమిదిన్నర శాతం తగ్గింపు. ఆ లెక్కన 7,80,000 ఉన్న మీ మోడల్ 7,13,000 దగ్గరికి వచ్చింది. మీ ఇంటి ముందు నిలబెట్టి ఉన్న బండికి ఏమీ కాలేదు, కానీ ఆ వారంలోనే దాని విలువలోంచీ ఎనిమిదిన్నర శాతం ఎగిరిపోయింది. పాత బండ్ల వ్యాపారంలో అప్పటికే సరుకు కొని పెట్టుకున్నవాళ్లకు ఆ వారం నిద్ర పట్టి ఉండదు.

అక్కణ్నుంచి వయసు లెక్క. నేను వాడే కొలత ఇది: బాగా అమ్ముడుపోయే చిన్న పెట్రోల్ కారుకు మొదటి ఏడాది 16 శాతం, ఆ తర్వాత ఏటా మిగిలినదాని మీద 10 శాతం. మొదటి ఏడాది కోత ఎందుకు ఎక్కువంటే, మనిషి కొత్తదానికి ఇచ్చే ధరలో కొంత ఆ కొత్తదనానికే. ప్లాస్టిక్ కవర్లు తనే తీయాలి, రంగు తనే ఎంచుకోవాలి, మొదటి యజమాని తనే కావాలి. షోరూం గేటు దాటగానే ఆ సరదా ఖర్చయిపోతుంది. తర్వాతి ఏళ్లలో తగ్గేది మాత్రం నిజంగా అరిగిపోయేదానికి దగ్గరగా ఉంటుంది.

లెక్క వేద్దాం. 7,13,000లో 16 శాతం తీస్తే 5,99,000. ఆపై మూడున్నరేళ్లు ఏటా పది శాతం చొప్పున తీస్తే 4,14,000. ఏ లోపమూ లేని, ఒక్క యజమాని చేతిలో ఉన్న, ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగిన బండికి నేరుగా కొనేవాడు ఇవ్వగల ధర అది. మీ బండి 54,000 తిరగాల్సినచోట 62,000 తిరిగింది. ఎనిమిది వేలు ఎక్కువ. ఈ తరగతి బండికి కిలోమీటరుకు రూపాయి చొప్పున నేను తగ్గిస్తాను, అంటే 8,000. టైర్లు నాలుగూ అరిగాయని, బ్యాటరీ పాతదని, వెనక బంపర్‌కి దెబ్బ ఉందని మీరే రాశారు. అవన్నీ కలిపి 25,000 అనుకుందాం. మిగిలింది 3,81,000.

అదే కొలతతో మీ బావమరిది అమ్మకం చూడండి. పోయిన జూన్‌లో కొత్త ధర ఇంకా 7,80,000. బండికి నాలుగేళ్లు. 16 శాతం, ఆపై మూడేళ్లు పది శాతం చొప్పున తీస్తే 4,78,000. ఆయన 4,75,000కి అమ్మారు. గొప్పగా బేరమాడారని కాదు, మీరు నష్టపోతున్నారనీ కాదు. ఆయనకూ మీకూ మధ్య పన్ను తగ్గింపు ఒక్కటే 41,000 తినేసింది, ఆరేడు నెలల వయసు మరో 22,000 తినేసింది, మిగిలిన ముప్పై చిల్లర మీ కిలోమీటర్లు, టైర్లు. రేపు శుభకార్యంలో ఆ ప్రస్తావన వస్తే ఈ లెక్క చెప్పేయండి.

నా 16, 10 శాతాలను శాసనంగా తీసుకోకండి. మోడల్ పేరు మీరు రాయలేదు, రాసి ఉంటే ఇంకాస్త దగ్గరగా చెప్పేవాణ్ని. మీ మోడల్‌కు సొంత కొలత కావాలంటే ఒక సాయంత్రం కూర్చోండి. అదే మోడల్, అదే ఇంధనం, అదే గేరు రకం బండ్ల ప్రకటనలు వేర్వేరు సంవత్సరాలవి చూడండి. ప్రకటనలో పెట్టేది అడిగే ధర, తెగే ధర కాదు, అందుకని ఆరేడు శాతం తగ్గించి రాసుకోండి. ఉదాహరణకు 2022 బండి 4,50,000కి, 2019 బండి 3,30,000కి తేలిందనుకోండి. 3,30,000ను 4,50,000తో భాగిస్తే 0.733. దానికి ఘనమూలం 0.902. అంటే మూడేళ్లూ ఏటా పది శాతం చొప్పున తగ్గిందన్నమాట. ఫోన్లో క్యాలిక్యులేటరు ఉంటే చాలు. ఒక్క జత బండ్లతో కాకుండా నాలుగైదు జతలతో చేస్తే అంకె నిలకడగా వస్తుంది. రెండు తరాల మోడళ్లను మాత్రం కలపకండి. కొత్త రూపం మార్కెట్లోకి వచ్చిన నెలలోనే పాత రూపం ఒక మెట్టు దిగుతుంది, అది ఏడాది తరుగుదల కాదు.

అలా వేసి చూస్తే బండి బండికీ తేడా బయటపడుతుంది. ఇన్నోవా లాంటివి, కొనేవాడు ఎప్పుడూ దొరికేవి, నెమ్మదిగా దిగుతాయి. పెద్ద సెడాన్లు, ముఖ్యంగా ఖరీదైన జర్మన్ బండ్లు మొదటి మూడేళ్లలోనే దారుణంగా దిగుతాయి, ఎందుకంటే వాటిని కొత్తగా కొనగలిగినవాడు పాతది కొనడు, పాతది కొనగలిగినవాడు వాటి విడిభాగాల బిల్లు కట్టలేడు. దేశం వదిలి వెళ్లిన కంపెనీల బండ్లు ఇంకో రకం. షెవర్లే 2017 చివర ఇక్కడ అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడి తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ వార్త వచ్చిన రోజున ఎవరి బండీ ఒక్క కిలోమీటరు ఎక్కువ తిరగలేదు, కానీ కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. విచిత్రం ఏమిటంటే, బండిని ఇష్టపడి పదేళ్లు వాడుకోదలచినవాడికి అలాంటివి ఇప్పుడు చవకగా దొరికే మంచి బేరాలు. విడిభాగాల సంగతి ముందు విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్‌లోనో వాకబు చేసుకుంటే చాలు.

ఎలక్ట్రిక్ కార్లకు నా పది శాతం అస్సలు పట్టించకండి. అక్కడ విలువలో పెద్ద ముక్క బ్యాటరీ. ఎక్కువ కంపెనీలు దానికి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి, రెండో యజమానికి అది ఎంతవరకు బదిలీ అవుతుందన్నదే ధరను నిర్ణయిస్తుంది. పైగా తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 చివరిదాకా ఎలక్ట్రిక్ బండ్లకు లైఫ్ ట్యాక్స్ మాఫీ. కొత్తదే పన్ను లేకుండా వస్తుంటే పాతదాని ధర అందుకు తగ్గట్టే దిగుతుంది.

ఇప్పుడు షోరూం 3,45,000 ఎందుకంది? డీలరు స్థానంలో కూర్చుని చూడండి. మీ దగ్గర 3,45,000కి కొంటాడు. టైర్లు, డెంటింగ్, పెయింటింగ్, పాలిష్, చిన్న సర్వీసు కలిపి ఇరవై వేలు పెడతాడు. ఆ తర్వాత అది 4,00,000కి అమ్ముడవుతుంది అనుకుందాం. కొన్నదానికీ అమ్మినదానికీ తేడా 55,000 మీద జీఎస్టీ ఎనిమిది నుంచి పది వేలు. మిగిలిన పాతిక వేలల్లో స్థలం అద్దె, మనుషుల జీతాలు, బండి నెలల తరబడి నిలిచిపోతే పెట్టుబడి మీద వడ్డీ, ఆపై లాభం. మీరు అనుకున్నంత దోపిడీ అక్కడ లేదు. ఆన్‌లైన్ కంపెనీ మొదట చూపించే 4,05,000 మీరు బుకింగ్ చేసుకునేందుకు వేసే ఎర. ఇంటికొచ్చాక చెప్పిన 3,65,000ను మాత్రమే ధరగా లెక్కపెట్టండి. షోరూంలో ఎక్స్ఛేంజ్ బోనస్ అని విడిగా ఇస్తారు, దాన్ని కలపకుండా మీ పాత కారుకు ఎంత, కొత్తదాని మీద తగ్గింపు ఎంత అని రెండు కాగితాల మీద రాయించుకోండి. పాతదానికి ఎక్కువ ఇస్తున్నట్టు చూపించి కొత్తదాని డిస్కౌంటు మింగేయడం పాత అలవాటు.

కాస్త ఓపిక ఉంటే నేరుగా అమ్మండి. 4,10,000 అని చెప్పండి, 3,80,000కి కిందికి దిగకండి. టైర్లు మార్చి అమ్మాలా అని అడిగారు. వద్దు. కొత్త టైర్లకు పెట్టిన డబ్బు పూర్తిగా వెనక్కి రాదు, పైగా ఎందుకు మార్చారని అనుమానిస్తారు. బంపర్ దెబ్బ మాత్రం బాగు చేయించండి, ఫోటోల్లో మొదట కనిపించేది అదే.

ఒక లోపం బండి ధరను మిగతా అన్నిటికన్నా ఘోరంగా కోస్తుంది. ఖమ్మంలో ఉన్నారు కాబట్టి మిమ్మల్ని కొనేవాళ్లు అది తప్పకుండా అడుగుతారు: 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో మున్నేరు పొంగినప్పుడు బండి ఎక్కడుంది? అదే వారం విజయవాడలో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నిలిచాయి. అలా మునిగిన బండ్లలో రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటినవాటిని బీమా కంపెనీలు మొత్తం నష్టం కింద తీసుకుని యజమానికి డబ్బు కట్టేస్తాయి. ఆ తర్వాత ఆ బండి ఏమవుతుందన్నది జనం ఆలోచించరు. ఉన్నది ఉన్నట్టుగా వేలంలో పోతుంది. కొన్ని విడిభాగాలకు వెళతాయి. కొన్ని శుభ్రంగా కడిగి, సీట్లు మార్చి, సెంటు కొట్టి, దూరపు ఊళ్లో ఎండు నేల మీద మళ్లీ నిలబడతాయి.

వాటిని పట్టుకోవడం కష్టం కాదు. సీటు బెల్టును చివరిదాకా లాగండి, ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే ఆ చివరి అడుగు మీద బురద మరక ఉంటుంది. సీటు కింది పట్టాల బోల్టులు, డాష్‌బోర్డు కింద తల పెట్టి చూస్తే కనిపించే బ్రాకెట్లు చూడండి. నాలుగైదేళ్ల బండికి అక్కడ మామూలుగా తుప్పు పట్టదు. స్టెప్నీ పెట్టే గుంతలో ఇసుక ఉందేమో తడిమి చూడండి. హెడ్‌లైటు లోపల నీటి గీత, తివాచీ కింద వాసన. ఎండాకాలం మధ్యాహ్నం అద్దాలన్నీ మూసి అరగంట ఉంచి తలుపు తీస్తే ముక్కే చెబుతుంది. ఇంజను బాగానే తిరుగుతుంది, మోసం అక్కడ దొరకదు. వైరింగ్ కనెక్టర్లలో చేరిన తేమ నెలలు గడిచాక ఒక్కో సెన్సారును చంపుతూ వస్తుంది. అలాంటి బండి సగం ధరకు వచ్చినా నేను వద్దనే చెబుతాను. మీ బండి నీట మునగలేదు కాబట్టి, 2024 సెప్టెంబరు, అక్టోబరు నాటి సర్వీసు బిల్లులు వెతికి బయట పెట్టుకోండి. మీ జిల్లాలో ఆ కాగితం విలువ టైర్లకన్నా ఎక్కువ.

మీటరు తిప్పడం గురించి కూడా సర్వీసు రికార్డే సాక్ష్యం. ఒక సర్వీసులో 48,000 ఉన్న బండి మీటరు ఏడాది తర్వాత 41,000 చూపిస్తే చెప్పాల్సింది ఏమీ ఉండదు. యజమానుల సంఖ్య, పసుపు బోర్డు తిరిగి తెల్లబోర్డుకి మారిన చరిత్ర, తయారీ నెల, ఇవన్నీ ఆర్‌సీలోనో, రవాణా శాఖ రికార్డులోనో ఉంటాయి. డిసెంబరులో తయారై జనవరిలో రిజిస్టరైన బండికి కొనేవాడు తయారీ ఏడాదినే లెక్కలోకి తీసుకుంటాడు. ఏడాది చివర డిస్కౌంటుకు మురిసిపోయేవాళ్లు అది గుర్తుంచుకోవాలి.

మీకు విజయవాడ, జగ్గయ్యపేట వైపు నుంచి కూడా ఫోన్లు వస్తాయి. వాళ్లు తక్కువ అడిగితే కోప్పడకండి. మీ లైఫ్ ట్యాక్సు తెలంగాణలో బండితోపాటు వెళుతుంది, ఇక్కడి కొనుగోలుదారుకు మళ్లీ పన్ను లేదు. అదే బండి ఆంధ్రప్రదేశ్‌కు మారాలంటే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి, అక్కడ బండి వయసునుబట్టి మళ్లీ పన్ను కట్టాలి. ఆ ఖర్చు మీ ధరలోంచే తీస్తారు. మీ నంబరు టీఎస్ తో మొదలవుతోంది, 2024 మార్చి తర్వాత వచ్చినవి టీజీ తో వస్తున్నాయి కదా, దానివల్ల తగ్గుతుందా అని కూడా అడిగారు. ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఢిల్లీ నుంచి వచ్చే చవక డీజిల్ బండ్ల కథ కూడా ఇలాంటిదే. అక్కడ డీజిల్‌కు పదేళ్ల పరిమితి భయంతో ధర పడిపోతుంది, ఇక్కడ ఆర్‌సీ పదిహేనేళ్లు. రవాణా, పన్ను, కాగితాల ఖర్చు కలిపి చూస్తే చాలాసార్లు ఆ చవక మిగలదు.

అసలు అమ్మాలా వద్దా? అదే తరుగుదల లెక్కను ముందుకు నడిపించండి. మీ 3,81,000 బండి మరో మూడేళ్లు పది శాతం చొప్పున తగ్గితే 2,78,000 ఉంటుంది. మూడేళ్లలో పోయేది 1,03,000, నెలకు 2,900 లోపు. కొత్తది కొంటే 7,13,000కి 14 శాతం లైఫ్ ట్యాక్స్, మూడేళ్ల థర్డ్ పార్టీతో కలిపి బీమా వేసుకుంటే 8,50,000. మూడేళ్లకు దాన్ని అమ్మితే నా కొలతలో వచ్చేది 4,85,000. పోయేది 3,65,000, నెలకు పదివేల పైన. పాత బండికి ఈ మూడేళ్లలో టైర్లు, క్లచ్చు, సస్పెన్షన్ కలిపి డెబ్బై వేలు పెట్టినా నెలకు రెండు వేలు. అంటే కొత్తదనానికి మీరు నెలకు అయిదు వేలకు పైగా ఇస్తున్నారు. దుకాణం లెక్కలో కొత్త కారుకు తరుగుదల మినహాయింపు ఎక్కువ వస్తుంది నిజమే, కానీ ఆ పన్ను ఆదా ఈ తేడాను మొత్తం పూడ్చదు. నన్నడిగితే ఇంకో రెండు మూడేళ్లు నడపండి. మారాల్సిందే అనుకుంటే రెండేళ్ల వయసున్న బండి చూడండి, మొదటి ఏడాది దెబ్బ వేరేవాళ్లు తిని ఉంటారు. కానీ ఏ బండినైనా పన్నెండేళ్లు దాటనివ్వకండి. పదిహేనేళ్ల గడువు కనిపించేకొద్దీ ఈ పది శాతం లెక్క పనిచేయదు. ఆర్‌సీ రెన్యువల్ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది, ఫిట్‌నెస్ పరీక్ష ఉంది, అప్పుడు కొనేవాడు ఆ తలనొప్పిని మీ ధరలోంచి కోస్తాడు.

అమ్మితే మాత్రం పేరు మార్పిడి కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ఊరుకోకండి. లోను ఉంటే హైపోథికేషన్, అంటే ఆర్‌సీలో అప్పిచ్చినవాళ్ల పేరున ఉన్న తాకట్టు నమోదు, ముందే తీయించండి. పేరు మారేదాకా రికార్డులో యజమాని మీరే, 2018లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే: ప్రమాదం జరిగితే పరిహారం రిజిస్టరైన యజమాని మీదికే వస్తుంది. డీలరుకు ఇస్తున్నట్టయితే, 2023 ఏప్రిల్ నుంచి బండి తన అధీనంలోకి వచ్చినట్టు రవాణా శాఖకు ఆన్‌లైన్‌లో తెలియజేసే విధానం ఉంది, ఆ రసీదు చేతికొచ్చాకే తాళం ఇవ్వండి. ఫాస్టాగ్ అదే రోజు మూయించండి, లేకపోతే అతను తిరిగిన టోల్‌గేట్ల మెసేజ్‌లన్నీ మీ ఫోన్‌కే వస్తాయి.